బట్టమేక పిట్ట ఏం తిన్నది?

మొన్న మా వీధిలో ఎమ్మెస్సీ చదువుతున్న ఒక అమ్మాయి వచ్చి, "తాతయ్యా, జంతువుల ప్రవర్తన మీద, పరిణామం మీద పరిశోధన చేయాలని ఉంది. ఆ దారిలో ఉద్యోగాలు దొరుకుతాయా?" అని అడిగింది.

"దొరుకుతాయమ్మా, నాకే దొరికింది" అన్నాను.

ఏం పని అని అడిగింది. పెంట ఏరడం అన్నాను. ముసలాయన ఎగతాళి చేస్తున్నాడనుకుని కాఫీ తాగి వెళ్ళిపోయింది.

ఎగతాళి కాదు. ఉత్తర్వు మీద ముద్ర వేసి, నెలనెలా జీతమిచ్చి మరీ ప్రభుత్వం నాచేత ఆ పని చేయించింది. ఆ అమ్మాయికి చెప్పలేకపోయిన మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఆ వయసువాళ్ళు చదివితే చాలు. నా వయసువాళ్ళు ఇందులోంచి నేర్చుకున్నా, ఇప్పుడు దాంతో చేసేదేమీ లేదు.

అప్పట్లో కర్నూలు రాజధాని. రాజధాని అనగానే మేడలు ఊహించుకోకండి. గుడారాలు. మా ఆఫీసు కూడా ఒక గుడారమే. గాలి లేస్తే ఫైళ్ళ మీద నాపరాళ్ళు పెట్టేవాళ్ళం. ఆ ఊళ్ళో రాళ్ళకు మాత్రం ఏనాడూ మంజూరు అడగాల్సిన పని పడలేదు. మాది రాయచోటి దగ్గర పల్లె. నేను జువాలజీలో బియ్యెస్సీ ప్యాసై, ఫీల్డ్ అసిస్టెంటుగా తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. కప్పలు కోసే చదువుకు జీతమిచ్చే పిచ్చి ప్రభుత్వం ఉందని మా నాయన చాలాకాలం నమ్మలేదు.

మా అధికారి ప్రయోగశాలలో పెరిగిన మనిషి. సీసాలో ఉన్న జంతువులంటే ఆయనకు ప్రాణం. ప్రాణమున్న జంతువులంటే మాత్రం పడదు. గుడారంలోకి బల్లి వస్తే కుర్చీ ఎక్కేవాడు. ఆ బల్లినే మందునీళ్ళ సీసాలో వేసి చేతికిస్తే దాని పళ్ళవరస గురించి గంటసేపు చెప్పేవాడు. ఇక మా గుమాస్తా కర్నూలు పాతబస్తీ మనిషి. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు, ఫైళ్ళలో ఇంగ్లీషు. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు. నన్ను మియా అనేవాడు, నేను చాచా అనేవాణ్ణి.

ఒకరోజు ఒక అర్జీ వచ్చింది. కర్నూలుకు తూర్పున, గడ్డిబీళ్ళ అంచునున్న ఒక పల్లెలోని పెద్ద రైతు పెట్టుకున్నాడు. బట్టమేక పిట్టలు మందగా దిగి వేరుశెనగ చేలు తినేస్తున్నాయని, వాటిని పంట నాశనం చేసే పక్షులుగా ప్రకటించమని. ప్రకటిస్తే తుపాకీ ఉన్నవాళ్ళెవరైనా కాల్చుకోవచ్చు. బట్టమేక పిట్టను చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: నిలబడితే మనిషి నడుముదాకా వచ్చే పక్షి. తెల్లటి మెడ, నెత్తిన నల్లటి టోపీ, ఆస్తి ఉన్నవాడి నడక. దాని మాంసం మహా రుచి అని ప్రతీతి. అర్జీలో ఈ చివరి ముక్క రాయలేదు.

"రెండింటిని కాల్చి పొట్ట కోసి చూస్తే సరి" అన్నాడు అధికారి.

ఏదో పత్రికలో చదివిన ధైర్యంతో, "కాల్చకుండా కూడా తెలుసుకోవచ్చు సార్, పెంట పరీక్ష చేస్తే" అన్నాను. ఆయన ముఖం చిట్లించాడు. చాచా అందుకుని, "సార్, తుపాకీకి మంజూరు కావాల. పెంటకు మంజూరు అక్కర్లేదు" అన్నాడు. అలా నా పరిశోధన మొదలైంది.

ఆ పల్లెకు మూడు మైళ్ళ ఇవతల, రోడ్డు మీదున్న ఊళ్ళో ఒక గది తీసుకున్నాను. గది కింద హోటలు. పొద్దున ఏడింటికి వేడివేడి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. అవి తిని, టీ తాగి, సైకిలెక్కి బీడుకు చేరేసరికి ఎనిమిదిన్నర. ఈ ఎనిమిదిన్నరను గుర్తుపెట్టుకోండి. నా శాస్త్రజీవితం మొత్తం ఆ బజ్జీల్లోనే మునిగింది.

పిట్టలు చేను అంచున నిలబడి ఉండేవి. అవి కదిలి వెళ్ళాక నేను పోయి, వాటి కింద పడి ఉన్న పెంట ఏరి, ఖాళీ సిగరెట్ డబ్బాల్లో వేసి, తేదీ రాసి పెట్టుకునేవాణ్ణి. రాత్రికి నీళ్ళలో నానబెట్టి సూదితో విడదీసేవాణ్ణి. వారంలోగా చుట్టుపక్కల ఊళ్ళలో నాకు బిరుదు ఖాయమైంది: పెంటసారు. పెళ్ళిసంబంధం చూడ్డానికి వచ్చిన ఒకాయన హోటల్లో ఈ బిరుదు విని, టీ కూడా పూర్తిచేయకుండా బస్సెక్కాడు.

ఆ పెద్ద రైతు చేనుకు కావలి ఒక అవ్వ. అరవై దాటి ఉంటాయి. క్రైస్తవురాలు. చదువు రాదు, కానీ ప్రతి ఆదివారం గుడిలో విని విని సగం బైబిలు నోటికి వచ్చు. మంచె మీద కూర్చుని, పిట్టల్ని తోలే వడిసెల తిప్పుతూ నన్ను గమనిస్తూ ఉండేది.

ఒకరోజు మగపిట్ట ఆడడం చూశాను. అది గడ్డిలో ఒక దిబ్బ ఎక్కి, మెడ కింది తిత్తిని గాలితో నింపి, కాళ్ళ మధ్య ఊగేదాకా సాగదీసి, తోకను వీపు మీదికి మడిచి, బావిలోంచి ఎవరో మూలిగినట్టు హూఁ అంది. నేను ఉప్పొంగిపోయి మంచె దగ్గరికి పరుగెత్తి అవ్వకు పాఠం చెప్పాను. "అవ్వా, మగపిట్టలు ఇట్లా ఆడతాయి. ఆడపిట్టలు చూసి, బాగా ఆడినదాన్ని ఎంచుకుంటాయి. తరతరాలుగా అట్లా ఎంచుకోబట్టే ఆ తిత్తి అంత పెద్దదైంది."

అవ్వ వడిసెల ఆపింది. "మగోడు ఎగిరేది ఆడది సూసేదానికే గదా నాయనా. దీనికి కర్నూల్లో గుడారమేసుకోని సదవాల్నా?"

రెండు నెలల్లో డబ్బాలు నిండాయి. విడదీస్తే ఏముంది? వేరుశెనగ ముక్కలు, జొన్నలు, కొర్ర పొట్టు. పురుగులు ఎక్కడో ఒకటీ అరా. నాకు బాధగానే ఉంది. కానీ శాస్త్రజ్ఞుడికి బాధ ఉండకూడదని పుస్తకాల్లో చదివాను కాబట్టి, బట్టమేక పిట్ట పంటకు శత్రువే అని పట్టికలతో సహా నివేదిక రాసి పంపాను. అధికారి సంతకం చేశాడు. పెద్ద రైతు సంతోషంతో నాకు కోడికూర, జొన్నరొట్టె పెట్టించాడు. "శానా బాగ రాసినావంటప్పా. ఉత్తర్వు రానీ, కర్నూలు నుంచి జీపుల్లో మావాళ్ళొస్తారు. నీకూ ఒక తొడ పంపిస్తాలే" అన్నాడు. నేను తలూపి, రెండో రొట్టె అడిగాను. సిగ్గుతో చెబుతున్నాను, కూర బాగుంది.

మర్నాడు సామాను సర్దుకుని, అవ్వకు చెప్పి పోదామని మంచె దగ్గరికి వెళ్ళాను. సైకిలు వెనక కట్టిన డబ్బాల్లో ఒకటి జారి, మూత ఊడి కిందపడింది. అవ్వ వంగి చూసింది.

"నాయనా, ఒక మాట అడగనా? ఈ నెమలి పెంట ఏం మందుకు?"

"నెమలిది కాదవ్వా, బట్టమేక పిట్టది."

అవ్వ నన్ను తేరిపార చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి మంచె గుంజ పట్టుకుని కూర్చుంది. "నెమలిది నాయనా! తెల్లారకముందే వంకలోంచి నెమళ్ళు దిగి, శెనక్కాయలు గీరి తిని, ఈడ్నే పెంటేసి పోతాయి. బట్టమేక వాటి యెనకాల వచ్చాది. నువ్వొచ్చే పొద్దుకి సగం లోకం తిని, కడుక్కోని, పనికి పోయింటాది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వు అడగల్యా. కీళ్ళనొప్పులకు నెమలి పెంట కడతారు, దానికే ఏరుకుంటాండావనుకుంటి."

జీపులు, తుపాకులు కళ్ళముందు తిరిగాయి. ఆ బీడులో ఉన్న పిట్టలను లెక్కబెట్టడానికి రెండు చేతుల వేళ్ళు చాలు. వాటికి నేను మరణశిక్ష రాసిచ్చాను, అదీ పక్కింటివాడు చేసిన దొంగతనానికి.

మధ్యాహ్నం బస్సుకే కర్నూలు వచ్చి గుడారంలో అధికారి ముందు నిలబడి జరిగింది చెప్పాను. ఆయన చాలాసేపు నన్ను సీసాలో లేని బల్లిని చూసినట్టు చూశాడు. "నా సంతకం అయిపోయిందయ్యా. పెంటలో తేడా తెలియక సంతకం పెట్టానని పైకి రాయమంటావా?" అన్నాడు. నన్ను బయటికి పొమ్మన్నాడు.

బయట చాచా బీడీ ముట్టించి అంతా విన్నాడు. "మియా, ప్రభుత్వంలో తప్పు చేయొచ్చు. తప్పు చేసినానని కాయితం మీద పెట్టేదే కూడదు" అన్నాడు. లోపలికి వెళ్ళి టైపు మిషను ముందు కూర్చున్నాడు. నాలుగు వాక్యాల కాగితం కొట్టాడు. ఈ విషయం ఎంతో ముఖ్యమైనది గనుక, తుది ఉత్తర్వుకు ముందు అధికారివారే స్వయంగా స్థలానికి వెళ్ళి తమ అపార అనుభవంతో నిర్ధారిస్తే బాగుంటుందని అందులో సారాంశం. తప్పు అనే మాట ఎక్కడా లేదు. అధికారి 'అపార అనుభవం' దగ్గర ఆగి, రెండోసారి చదివి, సంతకం చేశాడు.

అనుకున్న రోజు అందరం తెల్లవారుజామునే బీడులో ఉన్నాం. అధికారి గొడుగుతో, చాచా కాగితాలతో, పెద్ద రైతు పదిమంది మనుషులతో. ఆ పూట నేను ఉగ్గాని తినలేదు. దారి చూపించింది అవ్వ. చేను అంచుకు కాదు, మగపిట్ట ఆడే దిబ్బకు ఎదురుగా ఉన్న పొదల చాటుకు. అక్కడికి నెమళ్ళు రావు.

పెద్ద రైతుకు ఒళ్ళు మండింది. "ఏమే ముసిలీ, నువ్వు నా కావలిదానివా, పిట్ట కావలిదానివా?"

"మీ కావలిదాన్నే అయ్యా" అంది అవ్వ. "కావలంటే దొంగను పట్టియ్యాల గదా. దొంగ అదో, ఆడ."

అటు చూశాం. వెలుగు రేఖ కింద, చేలో నెమళ్ళు. కోక సర్దుకుంటున్న పెద్దమ్మల్లా తోకలు ఈడ్చుకుంటూ, కాళ్ళతో నేల గీరి కాయలు పెరుకుతున్నాయి. పెద్ద రైతు, "ఇప్పుడు నన్ను సుబ్రమణ్యస్వామి వాహనం మీద అర్జీ పెట్టమంటారా?" అని గొణిగాడు.

అప్పుడు మగపిట్ట దిబ్బ ఎక్కింది. తిత్తి ఊదింది. హూఁ అంది. మా అధికారి గొడుగు ఎప్పుడు కిందపడేశాడో ఆయనకే తెలియదు. పొదలోంచి తల బయటపెట్టి, నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు. నా చెవిలో, "ఈ పక్షిని నేను నిలబడి ఉండగా ఎప్పుడూ చూడలేదయ్యా. ఎప్పుడూ కోసే పళ్ళెంలో వెల్లకిలా పడుకునే ఉండేది" అన్నాడు. ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది ఆ క్షణంలోనే.

పిట్ట ఎగిరిపోయాక దిబ్బ మీద మూడు తాజా నమూనాలు దొరికాయి. పింగాణి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందరూ చుట్టూ మూగి చూస్తుండగా సూదితో విడదీశాను. మొదటిదాన్లో మిడతల కాళ్ళు, పేడపురుగుల డొప్పలు. రెండోదాన్లో చిన్న దవడ ఎముక. అధికారి దాన్ని చూసి వెలిగిపోయి, "తొండది! పళ్ళు చూడండి, పళ్ళు!" అని పెద్ద రైతు చేతిలో పెట్టబోయాడు. ఆయన, ఆయన మనుషులు రెండడుగులు వెనక్కి వేశారు; పళ్ళెం దగ్గర మాతోపాటు అవ్వ ఒక్కతే మిగిలింది.

మూడోది విప్పాను. మళ్ళీ మిడతలు. వాటి మధ్య, నీళ్ళలో తేలుతూ, పల్చగా, ఎర్రగా రెండు ముక్కలు.

అవి వేరుశెనగ పప్పు మీది తొక్కలు. రాయలసీమలో పుట్టినవాడికి ఆ తొక్క గుర్తుపట్టడానికి బియ్యెస్సీ అక్కర్లేదు.

అధికారి కళ్ళద్దాలకు చెమట పట్టి తుడుచుకుంటున్నాడు. చాచా కలం పట్టుకుని ఉన్నాడు. "ఏముందయ్యా మూడోదాన్లో?" అన్నాడు అధికారి.

రెండు తొక్కలతో కేసు తలకిందులయ్యేది కాదేమో. పురుగులు ఎన్ని, శెనగలు ఎన్ని అని లెక్క చెప్పి గెలిచి ఉండేవాణ్ణేమో. కానీ, "సూడండి, తిన్నాది!" అని పెద్ద రైతు అరవబోయే అరుపు నాకు ముందే వినిపించింది. ఒకసారి నిజాయితీగా తప్పు రాసి ఆ పిట్టను చంపబోయాను. రెండోసారి నిజం చెప్పి చంపే ధైర్యం నాకు లేకపోయింది.

"మిడత కాళ్ళు సార్. ఇంకా... పురుగు రెక్కలు రెండు" అన్నాను.

చాచా రాసుకున్నాడు. అధికారి అక్కడికక్కడే సంతకం చేశాడు. ఆ చేత్తోనే ముందటి నివేదికను "అసంపూర్ణం" అని పక్కన పెట్టించాడు. ఉత్తర్వు రాలేదు. జీపులూ రాలేదు. పెద్ద రైతు పెద్దమనిషే, ఓడిపోయినా మాకందరికీ మజ్జిగ పోయించాడు. తొడ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

అందరూ కదిలాక అవ్వ నా పక్కన నడుస్తూ వచ్చింది. కొంత దూరం పోయాక, "నాయనా, అంత ఎర్రరెక్కల పురుగు యాడుండాది? నేనూ సూడాల ఒకసారి" అంది. నా ముఖం చూసి, "పోనీలే. నోవహు ఓడలో ఎక్కించుకున్నెప్పుడు నువ్వేం తింటావని దేవుడు యా పిట్టనూ అడగల్యా" అంది.

ఆ ఏడాదే రాజధాని హైదరాబాదుకు తరలింది. గుడారాలు పీకేశారు. మా పథకం గడువు తీరింది. అధికారి సీసాలన్నిటినీ గడ్డిలో చుట్టి లారీ ఎక్కించాడు. పోతూ పోతూ నాకొక మేలు చేశాడు. దూరపు నగరంలో ఒక ప్రొఫెసరు బతికున్న జంతువులను గమనించే కుర్రవాడి కోసం చూస్తున్నాడని తెలిసి, నా గురించి ఉత్తరం రాశాడు. నెల తిరగకుండా జవాబు వచ్చింది. పరిశోధనకు వేతనం ఇస్తారట. గమనించినదంతా గ్రంథంగా రాయొచ్చట. నోటుబుక్కులు తీసుకుని రమ్మన్నారు.

నోటుబుక్కులు.

ఆ ఉత్తరం ముందుపెట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను. మూడో నమూనాను దిద్దితే అధికారి సంతకం అబద్ధమవుతుంది. అర్జీ మళ్ళీ లేస్తుంది. అవ్వ కావలి పని ఊడుతుంది. దిద్దకపోతే, నా గ్రంథానికి మొదటి రాయే దొంగరాయి. తెలివైనవాడు ఏదో దారి కనిపెట్టేవాడు. నేను "కుటుంబ కారణాల వల్ల రాలేను" అని కార్డు రాసి పడేశాను. రాయచోటిలో హైస్కూలు టీచరుగా చేరి, రిటైరయ్యేదాకా కప్పలు కోయించాను. పిల్లలు పట్టికలో ఒక్క అంకె మార్చినా పట్టుకునేవాణ్ణి. "సారుకు ఎట్లా తెలిసిపోతాది?" అనుకునేవాళ్ళు. దొంగకే దొంగ అడుగులు తెలుస్తాయని వాళ్ళకు చెప్పలేదు.

మధ్యలో ఒకసారి అవ్వను చూడ్డానికి వెళ్ళి ఉత్తరం సంగతి చెప్పాను. "రెండు తొక్కలకే తెగిపోయిందా? శానా సన్నదప్పా మీ సదువు" అంది. ఎగతాళి చేసిందో, మెచ్చుకుందో ఇప్పటికీ నాకు తేలలేదు.

పిట్టలు ఇంకొన్ని ఏళ్ళు ఆ దిబ్బ మీద ఆడాయి. తర్వాత బీడు దున్నారు. దానికి ఎవరి నివేదికా అవసరం పడలేదు. అవ్వ, చాచా, అధికారి, పెద్ద రైతు అందరూ వెళ్ళిపోయారు. ఇప్పుడు నిజం చెబితే కావలి పని పోయేవాళ్ళు గానీ, కాల్చడానికి పిట్టలు గానీ అక్కడ మిగల్లేదు. ఇన్నేళ్ళు ఆగి చెప్పే నిజానికి ధైర్యం అనే పేరు పెట్టను. మీరూ పెట్టకండి.

ఆ నివేదిక హైదరాబాదులో ఏదో కట్టలో ఇంకా ఉండే ఉంటుంది. అమ్మాయీ, నువ్వో నీలాంటివాళ్ళో ఎప్పుడైనా ఆ పిట్ట తిండి గురించి వెతుకుతూ దాని దుమ్ము దులిపితే, చివరి పట్టికలో ఒక గడి దిద్దుకోండి. "పురుగు రెక్కలు" అన్నది కొట్టేయండి. మూడో నమూనా: వేరుశెనగ తొక్కలు, ఎర్రవి, రెండు.